గురి కుదరడం

తెలుగులో 'గురి' అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి విలుకాడిది. రెండోది మా అమ్మది. "ఆ డాక్టరంటే నాకు గురి. ఆయన రాసిన మందే నాకు పని చేస్తుంది" అంటుంది. ఈ రెండో రకం గురి ఒక్కసారి జ్వరం తగ్గినంత మాత్రాన కుదరదు. నాలుగైదు సార్లు అదే చెయ్యి, అదే మందు, అదే ఫలితం రావాలి. ఒకసారి కుదిరిందా, ఆ తర్వాత ఎప్పుడైనా మందు పని చెయ్యకపోయినా "ఈసారి నేనే పథ్యం సరిగా చెయ్యలేదులే" అని సర్దిచెప్పుకుంటుంది తప్ప డాక్టర్ని మార్చదు.

మూడేళ్ళుగా శనివారం పొద్దున్నే నేను చేస్తున్న పని ఈ రెండు అర్థాలకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఒహాయోలో మా ఊరికి అరగంట దూరంలో ఓ చిన్న షూటింగ్ క్లబ్బు ఉంది. అక్కడ సిమెంటు బల్ల మీద .22 రైఫిల్ ఆనించి, 50 గజాల అవతల ఉన్న కాగితం మీద అయిదు తూటాలు ఒకే చోట పడేట్టు కొట్టడానికి ప్రయత్నిస్తాను. ఆ అయిదు రంధ్రాల్నీ కలిపి గ్రూప్ అంటారు. వాటిలో ఒకదానికొకటి అన్నిటికంటే దూరంగా ఉన్న రెంటి కేంద్రాల మధ్య దూరం గ్రూప్ సైజు. ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబులో తప్ప మళ్ళీ ముట్టుకోననుకున్న వెర్నియర్ కాలిపర్ ఇందుకు పనికొచ్చింది. బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి, తూటా వ్యాసం 5.6 మిల్లీమీటర్లు తీసేస్తే లెక్క తేలుతుంది.

తమాషా ఏమిటంటే ఆ గ్రూప్ టార్గెట్ నడిమధ్యన పడిందా, ఓ మూలన పడిందా అన్నది ఇక్కడ ఎవరికీ పట్టదు. ఎక్కడ పడాలన్నది స్కోపు మీదున్న రెండు మరలు తిప్పి మార్చుకోవచ్చు. ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయన్నది మాత్రం ఏ మర తిప్పినా మారదు.

గురి అనగానే మనకి అర్జునుడూ చెట్టుమీది పిట్ట కన్నూ గుర్తొస్తాయి. కానీ అర్జునుడు ఆ రోజు వేసింది ఒక్క బాణం. ఒక్క బాణంతో గ్రూప్ రాదు. ఆ లెక్కన భారతంలో అసలైన గ్రూప్ షూటర్ ఏకలవ్యుడు. మొరుగుతున్న కుక్క నోట్లోకి ఏడు బాణాలు కొట్టాడు, ఒకే చోటికి, గొంతు శబ్దం విని. ఒక్క బాణంతో పరీక్ష పెట్టి మార్కులు వేసిన ద్రోణుడు ఆ ఏడు బాణాల సంగతి తెలిశాక ఏం చేశాడో మనందరం చదువుకున్నాం.

గ్రూప్ అన్న మాట నేను మొదట విన్నది అమెరికాలో కూడా కాదు, ఎన్‌సీసీ క్యాంపులో. అక్కడ ఫైరింగ్ నేర్పేది ఈ .22తోనే. పాతకాలపు బరువైన బోల్ట్ రైఫిల్, 25 గజాల దూరం, దుప్పటి పరిచిన నేల మీద బోర్లా పడుకోవడం, తలా అయిదు రౌండ్లు. నా వంతు వచ్చేదాకా రెండు గంటలు ఎండలో కూర్చుని, వచ్చాక రెండు నిమిషాల్లో పూర్తి చేసి లేచాను. మా ఉస్తాద్ కాగితం తెప్పించి చూసి అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "కహాఁ లగా వో బాద్ మే దేఖేంగే. పహలే పాంచోఁ కో సాథ్ లావో." ఎక్కడ తగిలిందన్నది తర్వాత చూద్దాం, ముందు అయిదింటినీ ఒక చోటికి తీసుకురా. సాహిత్య విమర్శ పేరుతో నేను చదివిన చాలా పుస్తకాల్లో ఇంత సూటి వాక్యం దొరకలేదు.

ఇంతకీ అయిదు తూటాలు ఒకే చోట పడటం ఎందుకంత కష్టం? రైఫిల్ కదలకుండా బల్ల మీదుంది, ముందు ఇసుక సంచీ, వెనక ఇసుక సంచీ. స్కోపులో ఈగ కాళ్ళు కూడా కనిపిస్తాయి. మనిషి చెయ్యాల్సిందల్లా ట్రిగ్గర్ మీద వేలు బరువు పెంచడం. అయినా కావు. ఎందుకు కావో తెలియాలంటే ఆ తూటా లోపలికి వెళ్ళాలి.

పెద్ద రైఫిళ్ళ తూటాలో అడుగున మధ్యలో ఒక చిన్న రాగి టోపీ లాంటిది విడిగా ఉంటుంది. అది పేలి మందుని అంటిస్తుంది. పేలాక ఆ టోపీ తీసేసి కొత్తది పెట్టి, మందు తూకం వేసి పోసి, కొత్త గుండు బిగించి, ఇంట్లోనే మళ్ళీ తూటా తయారు చేసుకోవచ్చు. గ్రూప్‌ల పిచ్చి ఉన్నవాళ్ళు నగల కొట్టు త్రాసు పెట్టుకుని అదే పని చేస్తారు. రిమ్‌ఫైర్‌లో ఆ వీలు లేదు. ఇత్తడి గొట్టం అడుగున చుట్టూ ఒక మడత ఉంటుంది, స్టీలు గ్లాసు అంచుకి ఉన్నట్టు. పేలే పదార్థాన్ని తడిగా ఒక చుక్క లోపల వేసి, గొట్టాన్ని గిర్రున తిప్పితే అది ఆ మడతలోకి సర్దుకుంటుంది. రైఫిల్ పిన్ను ఆ అంచుని నొక్కి నలిపితే అంటుకుంటుంది. నలిగిన అంచుతో మళ్ళీ పని లేదు. ఫ్యాక్టరీ ఏం చేసి పంపిందో అదే మనకి దిక్కు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ చుక్క మడత చుట్టూ అన్ని వైపులా సమానంగా చేరిందా? పిన్ను తగిలిన చోట పలచగా ఉందా, దట్టంగా ఉందా? మడత మందం ఎంత? లోపలి మందు గ్రాములో పదో వంతు దరిదాపు. అందులో నాలుగు పలుకులు అటూ ఇటూ అయితే? సీసపు గుండు 2.6 గ్రాములు, మెత్తనిది, గోటితో గీస్తే గీత పడుతుంది. దాని వ్యాసమూ ఇత్తడి గొట్టం వ్యాసమూ ఒకటే, కాబట్టి అడుగుభాగాన్ని సన్నగా చేసి గొట్టంలోకి దూర్చుతారు. పైన మైనపు పూత. ఈ డిజైన్ 1887 నాటిది. తర్వాత తుపాకుల్లో అన్నీ మారాయి గానీ .22 లాంగ్ రైఫిల్ దాదాపు అలాగే ఉండిపోయింది. చౌక, పెద్దగా తన్నదు, పెద్దగా మోగదు. అమెరికాలో పల్లెటూరి పిల్లలు మొదట పట్టుకునేది ఇదే. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీలు జరిగేదీ దీంతోనే.

ఒక ఆదివారం కూర్చుని లెక్కేశాను. పోటీల్లో వాడే తూటా సెకనుకి సుమారు 325 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. కావాలనే శబ్దవేగం కంటే కాస్త తక్కువ పెడతారు. పైన బయల్దేరితే దారిలో ఆ గీత దాటి కిందికి దిగాలి, దిగేటప్పుడు కుదుపు తప్పదు. 50 మీటర్లు వెళ్ళడానికి దానికి 0.16 సెకన్లు పడుతుంది. ఆ కాసేపట్లో భూమి దాన్ని 12 సెంటీమీటర్లకి పైగా కిందికి లాగుతుంది. వేగం ఒక్క శాతం, అంటే సెకనుకి మూడు మీటర్లు తగ్గితే, ఆ పడిపోవడం రెండు శాతం పెరుగుతుంది, అంటే రెండున్నర మిల్లీమీటర్లు. నా గ్రూప్‌ల సగటు 11 మిల్లీమీటర్లు. పేలే చుక్కలో ఓ చిన్న తేడా అందులో నాలుగో వంతు తినేసిందన్న మాట, నా వేలు సంగతి ఇంకా లెక్కలోకే రాలేదు.

గాలి ఇంకా దారుణం. పక్కనుంచి సెకనుకి ఒక్క మీటరు వేగంతో వీచే గాలి, అంటే మొహానికి తెలిసీ తెలియని గాలి, 50 మీటర్లలో ఈ తూటాని ఆరు మిల్లీమీటర్ల దాకా పక్కకి తోస్తుంది. తూటా తన వెడల్పంత పక్కకి జరిగిపోతుంది, ఆకు కూడా కదలకుండా. వేగం ఎక్కువున్న .22 తూటాలైతే గాలికి తక్కువ కొట్టుకుపోతాయని ఎవరైనా అనుకుంటారు. ఎక్కువ కొట్టుకుపోతాయి! శబ్దవేగం దగ్గర గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి అవి బయల్దేరిన వేగాన్ని గబగబా పోగొట్టుకుంటాయి, అలా పోగొట్టుకునేదాన్ని బట్టే గాలి వాటం ఉంటుంది. మా క్లబ్బులో అందరూ బల్లకీ టార్గెట్‌కీ మధ్య పుల్లలు పాతి పసుపు, నారింజ రంగు రిబ్బన్లు కడతారు. మొదటిసారి చూసినప్పుడు ఊళ్ళో జాతరకి తోరణాలు కట్టినట్టు అనిపించింది. మూడు రిబ్బన్లు మూడు వైపులా ఊగుతుంటే ఏం చెయ్యాలో చెప్పే పుస్తకం లేదు. ఒక పద్ధతి ఎంచుకుని, రిబ్బన్లు మళ్ళీ ఆ పద్ధతిలోకి వచ్చేదాకా వేలు తియ్యాలి. ఒక్కోసారి అయిదు తూటాలకి ఇరవై నిమిషాలు పడుతుంది.

పక్క బల్ల దగ్గర కూర్చునే పెద్దాయనకి డెబ్భై దాటాయి. ఆయన రైఫిల్ మూతికి ఒక బరువైన కడియం లాంటిది ఉంటుంది, దాన్ని గీతలు చూసుకుంటూ కొద్దికొద్దిగా తిప్పుతాడు. పేల్చినప్పుడు బారెల్ కొరడాలా వణుకుతుంది. నెమ్మదిగా వచ్చే తూటా మూతి దగ్గరికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ క్షణానికి మూతి పైకి లేస్తూ ఉండేట్టు ఆ బరువుతో సవరించుకుంటే, ఆలస్యంగా వచ్చినది కాస్త పైకి చూస్తూ బయల్దేరుతుంది, కింద పడాల్సింది పడకుండా తోటివాటితో కలుస్తుంది. తూటాల్లోని లోపాన్ని బారెల్ వణుకుతో కొట్టెయ్యడం! ఇరవై ఏళ్ళ కోడ్‌బేస్‌లో ఒక బగ్గుని ఇంకో బగ్గు కాపాడుతుండటం చూసినవాణ్ణి కాబట్టి నాకు ఇది వెంటనే ఎక్కింది.

అన్నిటికంటే వింతైన సంగతి లాట్‌లది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌కి చెందిన ఈలీ, ఫిన్లండు కంపెనీ అయినా .22 తూటాల్ని జర్మనీలో షోనెబెక్‌లో చేసే లాపువా, ఇలా నాలుగైదు పేర్లే ఈ లోకంలో మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి. ఒకే కంపెనీ, ఒకే రంగు డబ్బా, ఒకే ధర. కానీ డబ్బా మీద అచ్చేసిన లాట్ నంబరు వేరైతే అది వేరే తూటా. ఒక లాట్ ఒక రైఫిల్‌లో అద్భుతంగా పడుతుంది, అదే మోడలు ఇంకో రైఫిల్‌లో చెల్లాచెదురు. ఎందుకో ముందుగా కాగితం మీద చెప్పగలిగినవాళ్ళు లేరు. పెద్ద షూటర్లు తమ రైఫిల్‌ని షోనెబెక్‌కో, అరిజోనాలో మేసాలో ఉన్న లాపువా పరీక్షా కేంద్రానికో తీసుకెళ్తారు. అక్కడ రైఫిల్‌ని ఇనప పట్టెలో బిగించి, లాట్ తర్వాత లాట్ పేల్చి చూస్తారు. నచ్చిన లాట్‌ని వేలల్లో కొనేసుకుంటారు. సంబంధాలు చూసినట్టే. మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది: పడటం. కొత్త ఊళ్ళో నీళ్ళు పడలేదంటాం, మేనత్తకీ అమ్మకీ పడదంటాం. నీళ్ళలో దోషం లేదు, మేనత్తలోనూ లేదు. ఈ బారెల్‌కి ఈ లాట్ పడింది. అంతే.

నా దగ్గరున్నది చెక్ దేశపు సీజెడ్ 457. దానికి పడే లాట్ దొరకడానికి తొమ్మిది రకాల డబ్బాలు పట్టాయి. లాట్ మార్చినప్పుడల్లా పాత మైనం పోయి కొత్త మైనం బారెల్‌కి అలవాటు పడేదాకా ఓ యాభై తూటాలు వృథాగా పేల్చాలి. చలికాలం ఆ మైనం గట్టిపడితే లెక్కలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి. నెలల తరబడి ఇదే పని. ఆరు గ్రూపులు, గ్రూపుకి అయిదు, సగటు తియ్యి, రాసుకో.

సగటు అన్నాను కదా, అసలు గొడవ అక్కడే ఉంది. ఈ లోకంలో అందరి పర్సులోనూ ఒక కాగితం ముక్క ఉంటుంది. అందులో అయిదు తూటాలకి ఒకే ఒక్క రంధ్రం, కాస్త చిరిగినట్టు. "నా రైఫిల్ ఇలా కొడుతుంది" అని చూపిస్తారు. ఒకటి పక్కకి పోతే దానికీ పేరుంది, ఫ్లయర్. "ఆ ఫ్లయర్ని వదిలేస్తే నాలుగూ ఒకే చోట ఉన్నాయి చూడు" అంటారు. నేను పైథాన్‌లో పదిహేను వరసలు రాసి చూశాను. రైఫిలూ తూటాలూ మనిషీ గాలీ ఏమీ మారకుండా, కేవలం యాదృచ్ఛికంగా, సగటు 12 మిల్లీమీటర్లు వచ్చేట్టు అయిదేసి చుక్కలు వేయించాను. ముప్పై గ్రూపుల్లో ఆరేడు మిల్లీమీటర్లవి కనిపించాయి, పద్ధెనిమిది దాటినవీ కనిపించాయి. అందులో మంచి రోజూ చెడ్డ రోజూ ఏమీ లేవు, ఉన్నదంతా పాచికలే. పర్సులో కాగితం అబద్ధం కాదు, ఆ అయిదూ నిజంగా అక్కడే పడ్డాయి. కానీ దాన్ని బట్టి రైఫిల్ గురించి తెలిసేది బహు తక్కువ. పైగా గ్రూప్ సైజు అన్న కొలతే చాలా కర్కశమైనది. అయిదింట్లో రెండే రెండు, అన్నిటికంటే దూరంగా పడ్డవి, మొత్తం తీర్పు చెబుతాయి. మధ్యలో బుద్ధిగా పడ్డ మూడింటికీ ఓటు లేదు. అయిదుకి బదులు పది కొడితే, ఏమీ మారకపోయినా, సైజు సగటున పాతిక శాతం దాకా పెరుగుతుంది. అందుకే ఎవరైనా గ్రూప్ సైజు చెబితే నేను అడిగే మొదటి ప్రశ్న: ఎన్ని తూటాలు, ఎన్ని గ్రూపుల్లో?

పుస్తకాల గురించి రాసేటప్పుడు ఈ ప్రశ్న నన్ను ఇబ్బంది పెడుతుంది. పద్నాలుగు కథల సంపుటిలో రెండు గొప్ప కథలుంటే ఆ రచయిత గొప్పవాడా? సగటు తీసే విమర్శకుణ్ణి నేను నమ్మను. రచయితని అతని పర్సులో కాగితంతోనే చూడాలని నా అభిప్రాయం. మిగతా పన్నెండూ ఫ్లయర్లయినా సరే, ఆ రెండూ పాఠకుడి దగ్గర ఉండిపోతాయి, అతను చచ్చిపోయాక కూడా. కవికైతే ఒక్కటి తగిలితే చాలు. రైఫిల్‌కి ఆ దయ లేదు.

2012లో లండన్ ఒలింపిక్స్‌లో బెలారస్ షూటర్ సెర్గేయ్ మార్టినోవ్ 50 మీటర్ల ప్రోన్ పోటీ క్వాలిఫికేషన్లో 60 తూటాలకి 600 కొట్టాడు. పది అంకె ఉండే వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. తూటా అంచు దాన్ని తాకితే చాలు కాబట్టి, కేంద్రం నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల లోపల 60కి 60 పడ్డాయన్న మాట. బోర్లా పడుకుని, భుజం మీద తోలుపట్టె బిగించి, గుండె కొట్టుకుంటుండగా, ఆరుబయట గాలిలో. ఆ పోటీలోనే మన జయదీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో నిలిచాడు, కాంస్యానికి 1.9 పాయింట్ల దూరంలో. ఆ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ ఎయిర్ రైఫిల్ కాంస్యం అందరికీ గుర్తుంది, ఇది ఎవరికీ గుర్తులేదు. .22 రైఫిల్‌తో మనకి పతకం వచ్చింది 2024లో, స్వప్నిల్ కుసాలేకి.

ఇంకొకటి ఉంది, అది నన్ను వదలదు. 2004 ఏథెన్స్. అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్ త్రీ పొజిషన్ ఫైనల్లో ఆఖరి తూటా దాకా ముందున్నాడు. ఒక మామూలు షాట్ కొట్టినా స్వర్ణం అతనిదే. కొట్టాడు, తెర మీద స్కోరు రాలేదు. తూటా పక్కవాడి టార్గెట్‌లో ఉంది. సున్నా. ఎనిమిదో స్థానం. వేలు సరిగ్గా ఉంది, ఊపిరి సరిగ్గా ఉంది. అన్నీ ఉన్నాయి, తప్పు కాగితం మీద. ఎక్కడ తగిలిందన్నది తర్వాత చూద్దామన్న మా ఉస్తాద్ దీనికి ఏమనేవాడో.

మా ఆవిడకి మాత్రం ఈ కథ చెబితే వెంటనే అర్థమైంది, నాకు అర్థమైన రీతిలో కాదు.

ఇక్కడ కొంచెం మా ఇంటి సంగతి చెప్పాలి. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు అమెరికాలో తుపాకి దగ్గర పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. కానీ మినహాయింపులున్నాయి, వాటిల్లో ఒకటి వేట లైసెన్సు. అందుకని నేను వేటగాళ్ళ క్లాసుకి వెళ్ళి, పరీక్ష రాసి, ఏటా డబ్బు కట్టి, కాగితాల ప్రకారం వేటగాడినయ్యాను. ఇంతవరకూ ఉడతని కూడా కొట్టలేదు, కొట్టే ఉద్దేశమూ లేదు. మా నాన్నకి ఫోన్లో చెబితే చాలాసేపు నవ్వాడు. ఆయన జీవితంలో దగ్గరగా చూసిన తుపాకి బ్యాంకు దగ్గర స్టూలు మీద కునికే గార్డుది ఒక్కటే.

రైఫిల్ కొన్నప్పుడు మా ఆవిడ అభ్యంతరం చెప్పలేదు. ఒక షరతు పెట్టింది, అంతే. బోల్టు లేకపోతే అది ఇనప గొట్టం. ఆ బోల్టు వేరే పెట్టెలో ఉండాలి, ఆ పెట్టె తాళంచెవి తన దగ్గరే ఉండాలి. శనివారం పొద్దున్న కాఫీతో పాటు బోల్టు తీసి ఇస్తుంది, మధ్యాహ్నం తిరిగి తీసుకుంటుంది. తన ఉద్యోగం పెద్ద సైట్లు పడిపోకుండా చూడటం, రాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేవడం. అలాంటి మనిషికి తాళాల గురించి నేను చెప్పేదేముంది.

మా పాపకి మొదట్లో ఆ కాగితాలంటే సరదా. ఒకసారి బాగా కుదిరిన గ్రూప్ చూపిస్తే వేలు పెట్టి చూసి, "అయిదు కొట్టానన్నావు, ఇక్కడ ఒక్కటే ఉంది, మిగతా నాలుగు ఎక్కడికెళ్ళాయి నాన్నా?" అంది. నాకు తెలిసి ఈ విద్యకి ఇంతకంటే మంచి పొగడ్త లేదు.

కిందటేడు తను రెండో క్లాసులో ఉంది. ఓ సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ చెప్పింది: "ఇవాళ మేమంతా ఎలకల్లా కూచున్నాం. లైట్లార్పేసి, తలుపుకి దూరంగా మూలకి. చప్పుడు చెయ్యనివాళ్ళకి స్టిక్కర్ ఇచ్చారు. నాకొచ్చింది." చొక్కా మీద నక్షత్రం చూపించింది. ఇక్కడి బళ్ళలో ఈ డ్రిల్లు మామూలే. మంటలు వస్తే ఎలా బయటికి పరిగెత్తాలో నేర్పినట్టే, తుపాకితో ఎవరైనా వస్తే ఎలా లోపల దాక్కోవాలో నేర్పుతారు. మా ఆవిడ పాప వంక చూడలేదు, నా వంక చూసింది. ఏమీ అనలేదు.

రాత్రి పాప పడుకున్నాక నేనే మొదలుపెట్టాను. ఇది .22, ఇది కాగితాలకి, తాళం నీ దగ్గరుంది, మూడేళ్ళలో ఒక్కసారి కూడా తేడా రాలేదు, లెక్క ప్రకారం చూస్తే... అక్కడ ఆపింది. "లెక్కే చెబుతున్నావు కాబట్టి లెక్కే మాట్లాడుకుందాం. నువ్వు సగటు చూస్తావు. కథల గురించి రాసేటప్పుడు బెస్ట్ చూస్తావు. నా ఉద్యోగంలో నన్నెవరూ సగటు అడగరు. ఏడాదంతా బానే నడిచిందని చెబితే వినరు. ఆ ఒక్క రాత్రి ఏమైందో చెప్పమంటారు. ఆ ఏథెన్స్ ఆయన ఎన్ని వేలు కొట్టుంటాడు అప్పటికి? పక్కవాడి కాగితం మీదికి ఎన్నిసార్లు పోయింది?"

"ఒక్కసారి" అన్నాను. (ఇది కూడా నేను సరిగ్గా చెప్పగలిగింది కాదు, కానీ అందరికీ తెలిసింది ఆ ఒక్కటే.)

"అదీ" అంది.

దీనికి నా దగ్గర జవాబులు లేకపోలేదు. ఎమన్స్‌తో పోలిక పూర్తిగా అతకదు. బోల్టు తీసేసిన రైఫిల్ ప్రమాదం వంటింట్లో కత్తి కంటే తక్కువని వాదించొచ్చు. మా వీధిలో చాలా ఇళ్ళలో ఇంతకంటే పెద్దవి, ఇంతకంటే తేలిగ్గా అందేవి ఉన్నాయనీ అనొచ్చు. ఆ చివరిది అనలేదు, అది నా వైపు వాదన కాదని నోట్లోకి వచ్చేటప్పుడే తెలిసింది. నాకు ఆ శనివారాలు కావాలి. వారమంతా మీటింగులు, ఎవడో ఎప్పుడో రాసిన కోడ్, తేలని తీర్పులు. ఆ సిమెంటు బల్ల దగ్గర మాత్రం, ఊపిరి సగం వదిలి ఆపిన ఆ నాలుగు సెకన్లలో, రెండు మూడు మిల్లీసెకన్ల సేపు తూటా ఇంకా బారెల్లోనే ఉన్నప్పుడు నేను కదలకుండా ఉన్నానా లేదా అన్నది కాగితం మీద తేలిపోతుంది. అంత కచ్చితంగా నా గురించి నాకు చెప్పేది ఇంకోటి లేదు. ఇది మా ఆవిడకీ తెలుసు. తెలిసే బోల్టు ఇస్తోంది.

ఆ రాత్రి తర్వాత ఒక్కటి మారింది. కాగితాలు ఇంటికి తేవడం మానేశాను. క్లబ్బులోనే కొలిచి, అంకెలు ఫోన్లో రాసుకుని, అక్కడి చెత్తబుట్టలో వేసి వస్తున్నాను. పాప రెండు వారాలు అడిగింది, తర్వాత మర్చిపోయింది.

రైఫిల్‌కి పడిన లాట్‌లో నా దగ్గర ఇంకా నాలుగు ఇటుకలున్నాయి. పది డబ్బాల కట్టని ఇక్కడ ఇటుక అంటారు, 500 తూటాలు. కంపెనీ దగ్గర ఆ లాట్ అయిపోయింది, ఇక రాదు. వారానికి 60 చొప్పున పేలిస్తే నవంబరు దాకా వస్తాయి. మొన్న బీరువా సర్దుతూ మా ఆవిడ ఆ డబ్బాలు లెక్కపెట్టింది.

"ఇవి అయిపోతే?"

"ఇంకో లాట్ వెతకాలి. మళ్ళీ ఓ ఏడెనిమిది రకాలు తెప్పించి చూడాలి."

"పడకపోతే?"

నవంబరుకి ఇంకా చాలా టైముందన్నాను. డబ్బాలు ఉన్న వరసలోనే మళ్ళీ సర్ది తలుపు వేసింది.